సూజె ఖ్రూనెవేఖ్

సూజె ఖ్రూనెవేఖ్ (4 మార్చి 1875 – 19 అక్టోబరు 1940) నెదర్లాండ్స్ పార్లమెంటుకు ఎన్నికైన మొదటి మహిళ. వృత్తిరీత్యా ఉపాధ్యాయిని, రాజకీయంగా సోషలిస్టు. సోషల్ డెమొక్రాటిక్ కార్మిక పార్టీ తరఫున 1918 నుంచి 1937 వరకు, సుమారు 19 ఏళ్లు, దిగువ సభలో సభ్యురాలిగా ఉంది. డచ్చి వారు ఆ పార్టీని ఎస్‌డిఎపి అని పొడి అక్షరాలతో పిలుస్తారు. బడిపిల్లలు, పురిటి తల్లులు, తాగుడు మాన్పించడం, నిరాయుధీకరణ ఆమె జీవితాంతం పట్టుకున్న విషయాలు. ఆమెను స్త్రీవాదుల జాబితాలో చేర్చడం ఈనాడు మామూలే గాని, ఆనాటి మహిళా సంఘాలతో ఆమెకు పొసగలేదు. ఆడవాళ్లకు వేరు కుంపటి అక్కర్లేదని, పార్టీలోనే మగవాళ్ల పక్కన సమానంగా కూర్చుని పనిచేయాలని ఆమె పట్టుదల. సభలో తాను సోషల్ డెమొక్రాట్లకు ప్రతినిధిని గాని స్త్రీ జాతికి ప్రతినిధిని కానని చెప్పుకున్న మనిషి, చివరికి చరిత్ర పుస్తకాల్లో 'మొదటి మహిళ' అన్న ఒక్క మాటతోనే మిగిలిపోయింది. ఆ మాట చాటున పడిపోయిన పనే నిజానికి ఎక్కువ.

పుట్టిన ఊరు, బడి

రోటర్‌డామ్‌కు దక్షిణాన హూక్సె వార్డ్ అనే లంక ఉంది. చుట్టూ నదీపాయలు, లోపల కట్టలు వేసి నీటి నుంచి కాపాడుకున్న బంకమట్టి నేలలు. అవిసె, చక్కెర దుంప అక్కడి పంటలు. ఆ లంక దక్షిణపు అంచున, హాలండ్స్ డీప్ అనే విశాలమైన పాయ ఒడ్డున, చిన్న రేవుతో ఉన్న పల్లె స్ట్రైయెన్‌సాస్. సూజె అక్కడ పుట్టింది. అసలు పేరు సుసన్నా.

పల్లెటూరి ఆడపిల్లకు ఆ రోజుల్లో పొలం పని, ఇంటిపని, ఎవరింట్లోనో పనిమనిషి కొలువు కాక మిగిలిన గౌరవమైన దారి ఒక్కటే, పంతులమ్మ ఉద్యోగం. సూజె డోర్డ్‌రెఖ్ట్ పట్టణంలో ఆ శిక్షణ పొంది ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. 1903 నాటికి రోటర్‌డామ్ చేరింది.

రోటర్‌డామ్ అప్పుడు పొంగుతున్న నగరం. 1872లో సముద్రానికి నేరుగా తవ్విన కొత్త జలమార్గం తెరుచుకున్నాక, జర్మనీ గనులకు, కర్మాగారాలకు వెళ్లే సరుకంతా ఈ రేవు మీదుగానే నడిచింది. రేవులో కూలి కోసం చుట్టుపక్కల లంకల నుంచి జనం ఎగబడ్డారు. 1900 ప్రాంతంలో 3 లక్షలు దాటిన జనాభా 1920 నాటికి 5 లక్షలకు చేరింది. ఓడ వచ్చిన రోజే కూలి, లేని రోజు పస్తు. అలాంటి ఇళ్ల పిల్లలకు చదువు చెప్పిన పంతులమ్మకు పేదరికం గురించి ఎవరూ పాఠం చెప్పాల్సిన పని లేదు. కూలి డబ్బులు సారాకొట్లో కరిగిపోవడం కళ్లారా చూసిన ఉపాధ్యాయులు ఎందరో మద్యనిషేధ ఉద్యమంలో చేరారు. సూజె కూడా చుక్క ముట్టని వర్గంలో చేరి, ఆ ఉద్యమ వేదికల మీదే ఉపన్యాసకురాలిగా రాటుదేలింది.

నిర్బంధ విద్య కూడా అప్పుడే వచ్చింది. ఆ చట్టం గట్టెక్కిన తీరు డచ్చి వారు నేటికీ చెప్పుకునే ముచ్చట. 1900 మార్చిలో దిగువ సభలో ఓటింగు జరిగితే అనుకూలంగా 50, వ్యతిరేకంగా 49 వచ్చాయి. వ్యతిరేక పక్షానికి చెందిన షిమ్మెల్‌పెన్నింక్ అనే సభ్యుడు గుర్రం మీద నుంచి పడి సభకు రాలేకపోయాడు. ఆయన వచ్చి ఉంటే చట్టం వీగిపోయేదే. 1901 జనవరి నుంచి 6 ఏళ్లు నిండిన పిల్లలను బడికి పంపడం తప్పనిసరి అయింది. పొలం పనుల రోజుల్లో రైతుబిడ్డలకు మినహాయింపు మాత్రం అట్టే పెట్టారు. అవిసె పీకే చేలు, దుంపలు తవ్వే చేలు ఉన్న ఊరి నుంచి వచ్చిన సూజెకు ఆ మినహాయింపు అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

ఓటు లేని రోజులు

ఆమె నడిచిన దారి అర్థం కావాలంటే అంతకు ముందరి ముప్పై ఏళ్ల కథ కొంత తెలియాలి. నెదర్లాండ్స్‌లో మొదట ఓటు హక్కు పన్ను కట్టేవాడికి ఉండేది. అతను మగవాడై ఉండాలని చట్టంలో ఎక్కడా రాయలేదు, రాయాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. 1883లో అలెట్టా యాకొబ్స్ అనే వైద్యురాలు ఆ ఖాళీని పట్టుకుంది. నెదర్లాండ్స్‌లో వైద్య పట్టా పొందిన మొదటి మహిళ ఆమె. చట్టం అడిగినంత పన్ను కడుతున్నాను కాబట్టి నా పేరు ఓటర్ల జాబితాలో చేర్చండి అని ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టింది. వాళ్లు కాదన్నారు. న్యాయస్థానాలూ కాదన్నాయి, సుప్రీంకోర్టు సహా. మళ్లీ ఇంకెవరూ ఇలాంటి దరఖాస్తు పెట్టకుండా 1887లో రాజ్యాంగం సవరించి, ఓటరు అంటే 'పురుష' పౌరుడు అని స్పష్టంగా రాసేశారు. ఒక స్త్రీ అడిగినందుకు స్త్రీలందరికీ తలుపు మూసి గడియ పెట్టిన ఘట్టం ఇది. ఆ వెంటనే, 1890లో, దేశ సింహాసనం పదేళ్ల బాలిక విల్హెల్మీనాకు దక్కింది. తల్లి ఎమ్మా రాజప్రతినిధిగా పాలించింది. 1898లో పట్టాభిషిక్తురాలైన విల్హెల్మీనా చట్టాల మీద సంతకాలు పెట్టేది. ఆ దేశంలోని మరే ఆడమనిషికీ వార్డు సభ్యుడిని ఎన్నుకునే హక్కు కూడా లేదు.

ఆ కోపంలోంచి సంఘాలు పుట్టాయి. 1889లో విల్హెల్మీనా డ్రుక్కర్ స్వేచ్ఛా మహిళా సంఘం పెట్టింది. 1894లో మహిళా ఓటుహక్కు సంఘం వెలిసింది. తర్వాతి కాలంలో యాకొబ్స్ దానికి అధ్యక్షురాలై నడిపింది. అదే 1894 ఆగస్టులో జ్వోల్లె పట్టణంలో ఎస్‌డిఎపి కూడా పుట్టింది. పీటర్ యెల్లెస్ ట్రూల్‌స్ట్రా దానికి నాయకుడు. పార్టీ కార్యక్రమంలో స్త్రీ పురుషులందరికీ ఓటు అనే రాసుకున్నారు. ఆచరణలో మాత్రం, ముందు మగ కార్మికుడికి ఓటు రానివ్వండి, ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్న ధోరణి పార్టీ పెద్దల్లో బలంగా ఉండేది. ఆడవాళ్లకు ఓటిస్తే వాళ్లు చర్చి ఫాదరీ చెప్పిన వాడికే వేస్తారన్న భయం కూడా లోపల ఉంది. అటు మహిళా సంఘాల్లో చదువుకున్న, కలిగిన ఇళ్ల స్త్రీలు ఎక్కువ. ఆస్తి ఉన్న స్త్రీలకు మాత్రం ముందు ఓటు ఇచ్చినా చాలునని వాళ్లలో కొందరు సర్దుకుపోతారేమోనని సోషలిస్టు స్త్రీల అనుమానం. 1907లో ష్టుట్‌గార్ట్‌లో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు సభలు ఈ విషయంలో గీత గీసి చెప్పాయి. సోషలిస్టు పార్టీలు స్త్రీలందరికీ ఓటు కోసమే పోరాడాలి, పరిమిత ఓటుతో రాజీపడకూడదు. ఈ రెండు శిబిరాల మధ్య పడ్డ గోడకు సూజె ఏ పక్క నిలబడిందో అనుమానం అక్కర్లేదు.

పార్టీలోకి

1903 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ రేవులో మొదలైన సమ్మె రైల్వేకు పాకి, కార్మికులు అనుకోని విజయం సాధించారు. ప్రధాని అబ్రహామ్ కైపర్ వెంటనే రైల్వే, ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేయడం నేరమనే చట్టాలు తెచ్చాడు. వాటిని కార్మికులు 'గొంతునులిమే చట్టాలు' అన్నారు. ఏప్రిల్‌లో వాటికి వ్యతిరేకంగా చేసిన సార్వత్రిక సమ్మె ఘోరంగా విఫలమైంది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. సూజె పార్టీలో చేరింది ఆ ఏడాదే.

ఉపాధ్యాయ సంఘంలోను, పార్టీ రోటర్‌డామ్ శాఖలోను ఆమె పేరు త్వరగానే పైకి వచ్చింది. 1908లో పార్టీ స్త్రీలు తమ క్లబ్బులన్నిటినీ కలిపి ఒక సమాఖ్య కట్టారు. మాటిల్డె వీబౌట్ అందులో పెద్దదిక్కు. క్యారీ పొట్‌హౌస్-స్మిట్ 'శ్రామిక స్త్రీ' అనే అర్థం వచ్చే పేరుతో వారి పత్రిక నడిపేది. సూజె ఆ క్లబ్బుల జోలికి పోలేదు. పోకపోవడమే కాదు, అవి తప్పు అని బాహాటంగా వాదించింది. పార్టీ శాఖ సమావేశానికి వచ్చి మగవాళ్ల ముందు నోరు విప్పడం స్త్రీలు నేర్చుకోవాలి, పక్క గదిలో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటే ఎప్పటికీ నేర్చుకోరు అన్నది ఆమె వాదన సారం.

ఈ వాదనలో సగం నిజం ఉంది. ఆ సగం నిజానికి ఆమె జీవితమే సాక్ష్యం. అయితే పెళ్లి కాని, సొంత జీతమున్న, వేదికనెక్కి మాట్లాడటం వృత్తిలో భాగమైన ఉపాధ్యాయినికి సాధ్యమైనది, నలుగురు పిల్లలతో పొయ్యి దగ్గర ఉండే రేవు కూలీ భార్యకు సాధ్యం కాదు. రాత్రి సమావేశానికి ఆమె వస్తే పిల్లల్ని ఎవరు చూస్తారు? పగటిపూట, పిల్లల్ని వెంటేసుకుని వచ్చే క్లబ్బు అలాంటి మనిషికి మొదటి మెట్టు. సూజె ఈ తేడాను తక్కువగా అంచనా వేసిందనే చెప్పాలి. ఆ క్లబ్బుల నుంచి ఎదిగిన పొట్‌హౌస్-స్మిట్ 1920లో ఎగువ సభకు వెళ్లిన మొదటి మహిళ అయింది. అంటే రెండు దారులూ పార్లమెంటుకే చేరాయి.

1914లో పార్టీ కేంద్ర కార్యవర్గానికి ఎన్నికైన మొదటి మహిళ సూజె. అప్పటికి పార్టీ పుట్టి ఇరవై ఏళ్లు.

ఎన్నుకోలేని వాళ్లు ఎన్నిక కావచ్చు

1911, 1912 సెప్టెంబరుల్లో, పార్లమెంటు కొత్త సమావేశాలు తెరిచే మంగళవారం నాడు ఎస్‌డిఎపి ది హేగ్ వీధుల్లో 'ఎర్ర మంగళవారం' పేరుతో ప్రదర్శనలు జరిపింది. స్త్రీ పురుషులందరికీ ఓటు కావాలంటూ 1911లో సమర్పించిన విజ్ఞాపనకు 3 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 1916లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలాది మంది స్త్రీలు ఓటు కోసం ఊరేగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్ తటస్థంగా ఉన్నా తిండి కరువు తప్పలేదు. 1917 జులైలో ఆమ్‌స్టర్‌డామ్ పేటల ఆడవాళ్లు బంగాళాదుంపల పడవల మీద పడ్డారు. సైన్యం కాల్పులు జరిపింది.

ఆ ఏడాది చివర్లో రాజ్యాంగ సవరణ వచ్చింది. అది ఒక బేరసారం. క్రైస్తవ పార్టీలు తమ మత పాఠశాలలకు ప్రభుత్వ పాఠశాలలతో సమానంగా నిధులు కోరుతున్నాయి. ఉదారవాదులు, సోషలిస్టులు సార్వత్రిక ఓటు కోరుతున్నారు. ఉదారవాద ప్రధాని కోర్ట్ ఫాన్ డెర్ లిండెన్ రెండిటినీ ముడిపెట్టి ఇరుపక్షాలనూ ఒప్పించాడు. మగవాళ్లందరికీ ఓటు వచ్చింది. స్త్రీల విషయంలో మాత్రం రాజ్యాంగంలోని అడ్డును తీసేసి, ఓటు ఇవ్వాలో వద్దో మామూలు చట్టానికి వదిలేశారు. పోటీ చేసే హక్కు మాత్రం వెంటనే ఇచ్చారు. అలా కొంతకాలం పాటు డచ్చి స్త్రీ పార్లమెంటుకు ఎన్నిక కావచ్చు గాని తనకు తాను ఓటు వేసుకోలేదు.

ఎన్నికల పద్ధతి కూడా మారింది. అంతకు ముందు వంద నియోజకవర్గాలు, ఒక్కో దానికి ఒక్కో సభ్యుడు. ఏ ఊరివారూ తమ ఒక్క సీటునూ ఆడమనిషికి ఇచ్చే సాహసం చేసేవారు కాదు. 1918 నుంచి పార్టీ జాబితాలు, దేశం మొత్తం మీద వచ్చిన ఓట్ల దామాషాలో సీట్లు. పార్టీ తలచుకుంటే ఒక స్త్రీని గెలిచే స్థానంలో నిలపగలదు. చాలా పార్టీలు స్త్రీల పేర్లు జాబితాల్లో చేర్చాయి, గెలవని అడుగు స్థానాల్లో. అలెట్టా యాకొబ్స్ కూడా ఉదారవాద ప్రజాస్వామ్యవాదుల జాబితాలో నిలిచి ఓడిపోయింది. 35 ఏళ్ల కిందట ఈ తగవు మొదలుపెట్టిన మనిషికి దక్కని సీటు, ఓటుహక్కు సంఘాలతో సంబంధం లేని పంతులమ్మకు దక్కింది.

1918 జులై 3న ఎన్నిక జరిగింది. మగవాళ్లు మాత్రమే ఓటేసిన ఆ ఎన్నికలో ఎస్‌డిఎపికి 100లో 22 సీట్లు వచ్చాయి. గెలిచిన ఒకే ఒక్క మహిళ సూజె ఖ్రూనెవేఖ్. సెప్టెంబరు 17న ఆమె సభలో ప్రవేశించింది. 99 మంది మగవాళ్లు, ఆమె ఒక్కతె. 1921లో ఉదారవాది యోహన్నా వెస్టర్‌మాన్ వచ్చి చేరేదాకా పరిస్థితి అదే.

సభలో మొదటి ఏళ్లు

ఆమె ప్రవేశించి రెండు నెలలైనా కాకముందే పెద్ద దుమారం రేగింది. జర్మనీలో కైజర్ కూలిపోయిన వారంలో, 1918 నవంబరు 11న రోటర్‌డామ్ సభలోను, మరునాడు పార్లమెంటులోను ట్రూల్‌స్ట్రా మాట్లాడుతూ, శ్రామికవర్గం అధికారం చేజిక్కించుకునే ఘడియ వచ్చిందన్నాడు. రాలేదు. సొంత పార్టీలోనే చాలామంది ఆయన వెంట నిలవలేదు. 18న ది హేగ్‌లో రాణికి మద్దతుగా జనం పోటెత్తారు. డచ్చి చరిత్రలో దీన్ని ట్రూల్‌స్ట్రా 'పొరపాటు' అంటారు. విప్లవం రాలేదు గాని పాలకులకు వెన్నులో చలి పుట్టింది. ఎనిమిది గంటల పనిదినం, మహిళల ఓటు హక్కు, ఏళ్ల తరబడి నానుతున్న రెండూ ఏడాది తిరగకుండా చట్టాలయ్యాయి.

ఓటు బిల్లును సభలో పెట్టింది ప్రభుత్వం కాదు, ఉదారవాద ప్రజాస్వామ్యవాది హెన్రి మార్షంట్. 1919 మే 9న దిగువ సభ దాన్ని 64–10 తేడాతో ఆమోదించింది. జులైలో ఎగువ సభ ఒప్పుకుంది. ఆగస్టు 9న విల్హెల్మీనా రాణి సంతకం పడింది. ఆనాడు ఆ బిల్లు మీద ఓటు వేయగలిగిన ఏకైక స్త్రీ సూజె. చట్టానికి మాత్రం మార్షంట్ పేరే నిలిచింది.

స్త్రీలు మొదటిసారి ఓటు వేసిన సార్వత్రిక ఎన్నిక 1922 జులైలో జరిగింది. ఫలితం సోషలిస్టులకు మింగుడుపడనిది. కాథలిక్కు, ప్రొటెస్టెంటు పార్టీలు మూడూ కలిసి 50 నుంచి 59కి పెరిగాయి. ఎస్‌డిఎపి 22 నుంచి 20కి తగ్గింది. పాత భయం నిజమైందని గొణిగినవాళ్లు పార్టీలో లేకపోలేదు. అయినా ఆ హక్కు వెనక్కి తీసుకోవాలన్న మాట ఎవరూ అనలేదు. సభలో మహిళల సంఖ్య కూడా పెరిగింది. న్యాయవాది బెట్సీ బక్కర్-నోర్ట్, ప్రొటెస్టెంటు పక్షం నుంచి ఫ్రీడా కాట్స్, ఎస్‌డిఎపి నుంచే డాక్టర్ ఆగ్నెస్ డె వ్రీస్-బ్రౌన్స్ అప్పుడు వచ్చినవారే.

పురిటి రోజుల కూలి

సూజె సభాజీవితంలో అన్నిటికంటే లోతుగా చూడదగిన పని ఇది. 1889 నాటి కార్మిక చట్టం ప్రసవమయ్యాక నాలుగు వారాల పాటు స్త్రీని కర్మాగారంలో పనిలో పెట్టుకోకూడదని నిషేధించింది. చదవడానికి దయగల చట్టమే. అయితే ఆ నాలుగు వారాలకు కూలి ఇవ్వాలని ఎక్కడా లేదు. ఇంట్లో ఇంకో నోరు పెరిగిన నెలలోనే రాబడి ఆగిపోయేది. దాంతో స్త్రీలు నిషేధానికి దొరకని పనులు, అంటే ఇళ్లలో బట్టలుతకడం, కుట్టుపని, పాచిపని వెతుక్కునేవారు. కాపాడటానికి పుట్టిన చట్టం కడుపు మీద కొట్టింది.

ప్రసవానికి ముందూ తర్వాతా పని మానిన రోజులకు కూలి డబ్బు ఇవ్వాలని, అది దానంగా కాక బీమా హక్కుగా రావాలని సూజె ఏళ్ల తరబడి వాదించింది. సభలో మెజారిటీ మతపక్షాలది. తల్లికి సాయం చేయడానికి వారికీ అభ్యంతరం లేదు, ఆమె పెళ్లయిన తల్లి అయితే. పెళ్లికాని తల్లికి ఇస్తే అనీతికి బహుమతి ఇచ్చినట్టవుతుందన్నది వారి అడ్డు. సూజె ఈ చోట మెట్టు దిగలేదు. ప్రసవం ఇద్దరికీ ఒకటే, పసిబిడ్డ ఆకలీ ఒకటే, పైగా పెళ్లికాని తల్లికి మొగుడి కూలి కూడా లేదు అన్నది ఆమె తర్కం. పెళ్లీ పిల్లలూ లేని ఉపాధ్యాయిని 1920ల డచ్చి సభలో ఈ మాట లేచి అనడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు. 1913లోనే కాగితం మీదికి వచ్చి అటకెక్కిన అనారోగ్య బీమా చట్టం, సవరణలు పొంది 1930 మార్చి 1న అమలులోకి వచ్చింది. కూలి చేసే స్త్రీలకు ప్రసూతి భత్యం అందులో చేరింది.

బడులు, తరగతి గదులు, టీచర్ల జీతభత్యాల మీద ఆమె ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండేది. అనుభవంతో మాట్లాడేది కాబట్టి ఆ చర్చల్లో ఆమెను తేలిగ్గా తీసిపారేయడం కుదిరేది కాదు.

ఆయుధాలు వద్దు

ఆమె యుద్ధ వ్యతిరేకత పైపైది కాదు. తుపాకులకు పెట్టే ప్రతి పైసా బడికి, ఆసుపత్రికి పోవాలనేది. దీనికి పెద్ద పరీక్ష 1923లో వచ్చింది. డచ్చి వలస అయిన ఈస్టిండీస్, అంటే నేటి ఇండోనేషియా, రక్షణ పేరుతో కొత్త యుద్ధనౌకలు, జలాంతర్గాములు కట్టడానికి ప్రభుత్వం నౌకాదళ బిల్లు తెచ్చింది. అప్పటికే ఖజానా బోసిపోయి, ఉద్యోగుల జీతాలు, బడి ఖర్చులు కోస్తున్న రోజులు. సోషలిస్టులు, కార్మిక సంఘాలు దేశమంతా తిరిగి పది లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. దేశ జనాభా అప్పుడు 70 లక్షల చిల్లర. అక్టోబరు 26న ఓటింగు జరిగింది. ఎస్‌డిఎపి ఒక్క మాట మీద వ్యతిరేకించింది. కాథలిక్కు సభ్యుల్లో పదిమంది ప్రభుత్వానికి ఎదురు తిరిగారు. బిల్లు 50–49తో వీగిపోయింది. ప్రభుత్వం రాజీనామా ఇచ్చింది. ఒక్క ఓటు తేడా అన్నప్పుడు వ్యతిరేకించిన యాభై మందిలో ప్రతి ఒక్కరి ఓటూ నిర్ణాయకమే, సూజెది కూడా.

రోటర్‌డామ్ నగరసభ

1919 నుంచి ఆమె రోటర్‌డామ్ నగరసభలోను, దక్షిణ హాలండ్ ప్రాంతీయ సభలోను కూడా సభ్యురాలు. మూడు సభల్లో ఒకేసారి ఉండటం డచ్చి పద్ధతిలో వింత కాదు. 1920లో కోల్‌సింగెల్ వీధిలో నగరసభ కొత్త భవనం పూర్తయింది. పేటల్లో ఇళ్లు, బడులు, పేదల సాయం లాంటివి తేలేది అక్కడ. ది హేగ్‌లో ఏళ్లు పట్టేవి ఇక్కడ నెలల్లో కదిలేవి. 1940 మే 14న జర్మన్ బాంబుల్లో రోటర్‌డామ్ నడిబొడ్డంతా బూడిదైనప్పుడు నిలిచిన కొద్ది కట్టడాల్లో ఆ భవనం ఒకటి.

గెలవని పోరాటం

ఓటు వచ్చాక స్త్రీల పరిస్థితి నేరుగా బాగుపడిందనుకుంటే పొరపాటు. 1924లో ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. 45 ఏళ్లు నిండని ప్రభుత్వోద్యోగిని పెళ్లి చేసుకుంటే ఉద్యోగం నుంచి తీసేస్తారు. ఖర్చు తగ్గించుకోవడం ఒక సాకు, గృహిణి స్థానం ఇల్లు అన్న మతపక్షాల నమ్మకం అసలు కారణం. 1930ల మాంద్యంలో నిరుద్యోగులు రోజూ కార్డు మీద ముద్ర వేయించుకోవడానికి బారులు తీరిన కాలంలో, ఉద్యోగం చేసే పెళ్లయిన స్త్రీ మగవాడి కూడు లాక్కుంటున్నదన్న మాట ఇంకా బలపడింది. సోషలిస్టు కార్మికుల్లో కూడా ఆ మాట అన్నవారు తక్కువేమీ కాదు. స్త్రీ పురుషులు పార్టీలో కలిసి పనిచేస్తే చాలు, సమానత్వం దానంతట అదే వస్తుందన్న సూజె నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

ఇంకో చేదు నిజం. ఆమె సభలో ఉన్న పందొమ్మిదేళ్లూ పార్టీ ప్రతిపక్షంలోనే ఉంది. ప్రతి ఎన్నికలో 20 నుంచి 24 సీట్లు, ప్రతిసారీ మతపక్షాల ప్రభుత్వం. సోషల్ డెమొక్రాట్లు మొదటిసారి మంత్రి పదవులు చేపట్టింది 1939 ఆగస్టులో. అప్పటికి ఆమె విరమించుకుని రెండేళ్లయింది. కాబట్టి ఆమె ఎన్ని చట్టాలు చేసిందని లెక్క తీస్తే ఏమీ దొరకదు. సవరణలు, ప్రశ్నలు, ఉపన్యాసాలు, విసుగులేని పట్టు, ఇవే ఆమె చేతిలోని పనిముట్లు.

చివరి ఏళ్లు, ఆ తర్వాత

1937 జూన్‌లో ఆమె పార్లమెంటు వదిలింది. హిట్లర్ బలపడుతున్న ఆ ఏడాదే ఎస్‌డిఎపి తన పాత నిరాయుధీకరణ విధానాన్ని వదిలి, దేశ రక్షణను ఒప్పుకుంది. 1940 మేలో జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. జులైలో ఎస్‌డిఎపిని డచ్చి నాజీ రోస్ట్ ఫాన్ టోనింగెన్ పెత్తనం కిందికి తెచ్చారు. జీవితమంతా ధారపోసిన పార్టీ అలా పరుల చేతిలో పడి ఉండగా, అక్టోబరు 19న, రోటర్‌డామ్‌కూ ఆమె పుట్టిన లంకకూ నడుమ ఉన్న బారెన్‌డ్రెఖ్ట్‌లో సూజె కన్నుమూసింది. వయసు 65.

యుద్ధం ముగిశాక, 1946లో, ఎస్‌డిఎపి మరికొన్ని పక్షాలతో కలిసి లేబర్ పార్టీ అయింది. పెళ్లయిన ఉద్యోగినులను తీసేసే పద్ధతికి స్వస్తి చెప్పాలంటూ 1955లో తీర్మానం పెట్టి నెగ్గించింది ఆ పార్టీ సభ్యురాలు కోరీ టెండెలో. తేడా రెండే ఓట్లు, 46–44. భర్త అనుమతి లేకుండా భార్య ఒప్పందం కుదుర్చుకోలేదన్న చట్టం 1957 జనవరి 1న పోయింది. కాథలిక్కు పార్టీకి చెందిన మార్గా క్లోంపె 1956లో దేశపు మొదటి మహిళా మంత్రి అయింది. 1998లో లేబర్ పార్టీకే చెందిన యెల్ట్యె ఫాన్ నియువెన్‌హోవెన్ దిగువ సభకు తొలి మహిళా స్పీకర్‌గా ఎన్నికైంది.

నెదర్లాండ్స్‌లో పలు ఊళ్లలో సూజె పేరుతో వీధులున్నాయి. ది హేగ్‌లోని దిగువ సభ సమావేశ మందిరాల్లో ఒకదానికి ఆమె పేరు పెట్టారు.